కాశీలో వదిలేసిన ఆనపకాయ

నా నోటికి తాళం లేదని మా అమ్మ నా చిన్నప్పుడే తేల్చేసింది. నా పెళ్లిచూపులప్పుడు, నేనేం వాగుతానోనని మా అక్క నా పక్కనే కూర్చుని చెయ్యి గిల్లుతూనే ఉంది. ఆ నోటివల్ల ఇన్నేళ్లలో చాలామందిచేత మాటలు పడ్డాను, నవ్వులపాలయ్యాను, ఒకరిద్దరు చుట్టాలకు శాశ్వతంగా దూరమయ్యాను. వాటిలో దేనికీ నేను పెద్దగా బాధపడలేదు. ఒక్కదానికి మాత్రం ఇప్పటికీ నిద్ర లేచిన వెంటనే బాధపడతాను. అది చెప్పాలంటే మా అక్క సీతారామలక్ష్మి గురించి చెప్పాలి.

అక్క నాకంటే ఐదేళ్లు పెద్దది. ఇద్దరం రామచంద్రపురంలోనే కాపురం పెట్టాం, రెండు వీధుల తేడాలో. నేను రోజంతా మాట్లాడే మాటలు అక్క ఏడాదికి సరిపెట్టుకుంటుంది. దాని మనసులో ఏముందో తెలియాలంటే దాని మొహం చూసి లాభం లేదు, వంట చూడాలి. కోపమొస్తే పోపు మాడుతుంది. సంతోషంగా ఉంటే కూరలో కొబ్బరి ఎక్కువ పడుతుంది. కత్తిపీట ముందు కూర్చుంటే చుట్టూ ప్రపంచం ఉందని కూడా దానికి గుర్తుండదు.

మా బావగారు సూర్యప్రకాశం గారు హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సరదా మనిషే, కానీ మాటంటే మాటే. వస్తానన్న పెళ్లికి నూటరెండు జ్వరంతో వెళ్లి, అక్షింతలు వేసి, ఇంటికొచ్చి ముసుగు తన్ని పడుకునే రకం. ‘ఎవరూ ఏమనుకోరు బావగారూ, మానేస్తే పోయేది’ అంటే, ‘వాళ్లు అనుకోరమ్మా, నేను అనుకుంటాను’ అనేవారు. ఇలాంటివాళ్లతో వేగడం ఎంత కష్టమో కట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. అక్క ఏనాడూ చెప్పలేదనుకోండి.

వాళ్లకొక్కతే కూతురు, శృతి. వాళ్ల డాబా మీద బావగారు పెంచిన ఆనపపాదు ఉండేది. తండ్రికీ కూతురికీ ఆనపకాయంటే ప్రాణం. కూర చేసినా, పులుసు పెట్టినా, తొక్కులతో పచ్చడి నూరినా ఇద్దరూ పోటీపడి తినేవారు. అక్క ముద్ద నోట్లో పెట్టుకునేసరికి గిన్నెలో గరిట మాత్రం మిగిలేది. శృతి డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు పిల్ల లేదు. ఇంతకంటే దాని గురించి నేను రాయలేను, రాయాలని కూడా లేదు.

ఏడాది తిరక్కుండా అక్కా బావగారూ కాశీ వెళ్లారు. తోడుగా బావగారి తమ్ముడు శశిభూషణ్ వెళ్లాడు. కాశీ వెళ్లినవాళ్లు గంగలో నిలబడి తమకు ఇష్టమైన కాయ ఒకటి, పండు ఒకటి వదిలేసి రావడం మనవాళ్లలో ఉన్నదే కదా. చాలామంది ఇందులో లౌక్యం చూపిస్తారు. మా ఆయనే కాకరకాయ వదిలేసి వచ్చారు, పెళ్లైన దగ్గర్నుంచి ఆయన దాన్ని ముట్టుకున్నది లేదు. బావగారు మాత్రం శృతి పేరు చెప్పి, నీళ్లు వదిలి, ఆనపకాయ వదిలేశారు. ఇంటికొచ్చిన మర్నాడు డాబా ఎక్కి పాదు పీకేశారు. అప్పటినుంచి ఆ ఇంట్లోకి ఆనపకాయ రాలేదు. అక్క వంకాయ వదిలింది. అది ఆనపకాయ తినడానికి ఏ అడ్డూ లేదు, కానీ తనొక్కదాని కోసం అది ఎప్పుడైనా వండుకుందా?

అలా పదేళ్లు గడిచాయి. బావగారికి అప్పటికే ఉన్న షుగరు ముదిరింది. రెండేళ్ల కిందట చెప్పు పట్టీ ఒరుసుకుని కుడికాలి బొటనవేలు దగ్గర చిన్న పుండు పడింది. పెసరగింజంత. అది నెల దాటినా మానలేదు. రాజమండ్రి తీసుకెళ్తే అక్కడి డాక్టరుగారు మందులు రాసి, బావగారిని వదిలేసి అక్క వైపు తిరిగి చెప్పారు.

“అమ్మా, మందులు సగమే చేస్తాయి. మిగతా సగం మీ వంటింట్లో ఉంది. మూడు పూటలా అన్నం మానిపించండి. షుగరు దిగకపోతే ఈ పుండు మానదు. ముందు వేలు పోతుంది, తర్వాత కాలు.”

అక్క తల ఊపింది. తిరుగు బస్సులో మండపేట దాటేదాకా నోరు విప్పలేదు. తర్వాత నాతో, “అన్నం మాన్పిస్తే ఏం పెట్టాలే?” అంది. గోదావరి నీళ్లు తాగి పెరిగిన మనిషికి అన్నం బదులు ఏం పెట్టాలో నాకు మాత్రం ఏం తెలుసు?

చపాతీ పెడితే బావగారు అట్టముక్క అన్నారు. ఓట్సు పెడితే, మా చిన్నప్పుడు గాలిపటాలు దీంతోనే అంటించేవాళ్లం అన్నారు. జొన్నరొట్టె కడుపులో అరగలేదు. చివరికి అక్క అటు తిరగ్గానే కుక్కరు మూత తీసి గరిటెడు అన్నం పెరుగులో కలుపుకుని తినేసేవారు, చిన్నపిల్లాడిలాగా. పుండు రేగుపండంత అయింది.

అప్పుడు మా అమ్మాయి వర్షిణి ఒక మిషన్ ఆర్డరు పెట్టి పంపింది. వర్షిణి వైజాగులో ఉద్యోగం చేస్తోంది, అన్నం తినని తరం. ఆ మిషన్ చూడ్డానికి చిన్నపిల్లల ఆటబొమ్మలా ఉంది. ఒక పక్క పదునైన బ్లేడు, రెండో పక్క ముళ్లూ పిడీ. కాయ చెక్కు తీసి ముళ్లకు గుచ్చి, పిడి తిప్పుతూ ముందుకు నెట్టామంటే బ్లేడు అవతలనుంచి కాయంతా సన్నటి తీగలుగా, చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. మధ్యలో పెన్సిలంత కాడ మిగిలిపోతుంది. నూడుల్స్ అని వాటికి మా అమ్మాయి పెట్టిన పేరు. మా అక్క నోరు తిరక్క కాదు, ఆ పేరు నచ్చక, మిషన్ సేమ్యా అనేది.

మొదటిరోజు నేనూ ఉన్నాను. క్యారెట్ తిప్పితే గజం పొడుగు తీగ ఒకటి తెగకుండా వచ్చింది. అక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని వెలుగులోకి ఎత్తి చూసింది. యాభై ఏళ్లుగా కూరలు తరుగుతున్న మనిషి, మొదటిసారి తరిగినట్టు మురిసిపోయింది. ఆ మురిపెం చూసి నాకు ధైర్యం వచ్చింది.

తిప్పడం తేలికే, తినిపించడం కష్టం. క్యారెట్ నాలుగు రోజులకే మొహం మొత్తింది. కీరదోస నీళ్లు వదిలి పళ్లెంలో కాలవ కట్టింది. ముల్లంగి వాసనకు బావగారు పళ్లెం ముందునుంచే లేచిపోయారు. బీట్‌రూట్ చూసి, “సీతా, ఇది భోజనమా, ఆపరేషనా?” అన్నారు. ఆఖరికి పక్కింటి దొరబాబు గారి పెరట్లోని పచ్చి బొప్పాయికాయ కుదిరింది. అక్క దాన్ని నాలుగు ముక్కలుగా కోసి, గింజలు గీకి, ముక్క తర్వాత ముక్క ముళ్లకు గుచ్చేది. తీగలు పొట్టివే వచ్చేవి గానీ మెత్తబడి విరిగేవి కావు. ఉప్పు రాసి, గుడ్డలో పిండి, ఆవాలూ మినప్పప్పూ ఇంగువా పచ్చిమిర్చీ పోపు పెట్టి, రెండు నిమిషాలు మగ్గించి, నిమ్మకాయ పిండేది. బావగారు మొదటి ముద్ద తిని, రెండో ముద్ద కలుపుకుని, “ఇదేదో బతకనిచ్చేలా ఉందే” అన్నారు.

ఆ రోజు అక్క సాయంత్రం మా ఇంటిదాకా నడిచొచ్చి, కాఫీ తాగి, ఏమీ చెప్పకుండా వెళ్లిపోయింది. అది దాని పండగ.

రెండు నెలలు దొరబాబు గారి చెట్టు బావగారి కాలును మోసింది. అక్టోబరు ముసురులో గాలికి ఆ చెట్టు మధ్యకు విరిగిపోయింది. బజారులో పండినవి దొరుకుతాయి, పచ్చివి ఎవరు అమ్ముతారు? దొరబాబు గారు పాపం రెండు ఊళ్లు తిరిగి నాలుగు కాయలు తెచ్చిచ్చారు. అవీ అయిపోయాయి. ఆ మర్నాడు ఉదయం అక్క రైతుబజారులో ఏం చేయాలో తోచక నిలబడింది. ఎదురుగా లేత ఆనపకాయలు, గోరు గుచ్చితే దిగేటంత లేతవి, పొడుగు మెడలవి, గుట్టగా ఉన్నాయి.

నాకు ఎలా తెలిసిందంటే, ఆ రోజునుంచి మా ఇంటికి సగం ఆనపకాయలు రావడం మొదలైంది. గింజలుండే అడుగు సగం మాత్రమే. మెడ వైపు సగం ఉండేది కాదు. సంచిలో, పైన కొత్తిమీర కప్పి, అక్క నా చేతిలో పెట్టి వెళ్లిపోయేది. మూడో రోజు పట్టుకున్నాను.

“అక్కా, పైసగం ఏం చేస్తున్నావు?”

నా కత్తిపీట వంక చూసింది. తర్వాత, “మెడలో గింజలుండవు. తీగ బాగా వస్తుంది” అంది.

“బావగారికి తెలుసా?”

“బొప్పాయనే చెప్పాను.” అని, నేను అడక్కుండానే, “ఒక్కరోజే అనుకున్నాను. తిన్నారు. మర్నాడు ఏం పెట్టను?” అంది. మళ్లీ తనే, “వాళ్ల నాన్న కాలు పోవాలని అది కోరుకుంటుందంటావా మాణిక్యం?” అంది.

కూతురి పేరు అది పదేళ్లలో ఎత్తలేదు, అప్పుడూ ఎత్తలేదు. అది, అంది అంతే. నేను ఏడ్చేశాను. అక్క ఏడవలేదు. నా చెయ్యి తీసుకుని తన తలమీద పెట్టుకుంది. ఎవరికీ చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. నా సంగతి తెలిసి కూడా నన్నే నమ్మింది. నమ్మక చేసేదేముంది, అడుగు సగాలు ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా.

పాపమో పుణ్యమో తర్వాత సంగతి. బావగారు ఆ ‘బొప్పాయి’ని తిన్నంత ఇష్టంగా పదేళ్లలో ఏదీ తినలేదు. షుగరు మూడొందల నుంచి నూటఎనభైకి దిగింది. పుండు అంచులు ఎండడం మొదలైంది. డాక్టరుగారు చూసి, అక్కకు దండం పెట్టినంత పనిచేశారు. నేను వెళ్లినప్పుడల్లా బావగారు పళ్లెంలోంచి ఒక తీగ చివర పట్టుకుని పైకెత్తి, “చూశావా మాణిక్యం, మీ అక్క నాకు దారాలు వడికి పెడుతోంది” అని నవ్వేవారు. నేను కూడా నవ్వేసేదాన్ని. మా ఇంట్లో రోజూ ఆనపకాయే. కూర, పులుసు, పచ్చడి, మళ్లీ కూర. మా ఆయన, “నాకు తెలియకుండా మిగతా కూరలన్నీ కాశీలో వదిలేశావా?” అని అడిగారు. ఆయనకు కూడా చెప్పలేదు. నాలుగు నెలలు చెప్పలేదు. నా జీవితంలో అదే రికార్డు.

మాఘమాసంలో ఒక ఆదివారం శశిభూషణ్, భార్యా కొత్తపేట నుంచి వచ్చారు, అన్నగారి కాలు చూసిపోదామని. మమ్మల్నీ భోజనానికి రమ్మంది అక్క. ముందు మగవాళ్లు కూర్చున్నారు. బావగారికి పళ్లెంలో తీగలూ, పప్పూ, మజ్జిగ. మిగతావాళ్లకు అన్నం. కాలు నయమవుతోందన్న సంతోషంలో ఇల్లంతా కబుర్లు. శశిభూషణ్ ఆ తీగలు చూసి, “ఏంటి వదినా, సేమ్యానా?” అంటే అక్క, “బొప్పాయి” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నెయ్యి వడ్డిస్తున్నాను. శశిభూషణ్ భార్య సంచిలోంచి రెండు ఆనపకాయలు తీసింది.

“మా దొడ్లో కాశాయండి మాణిక్యం గారూ. అక్కయ్యగారింట్లో ఇవి వండరు కదా, మీరు తీసుకెళ్లండి.”

నేను ఆలోచించలేదు. ఆలోచించి మాట్లాడే అలవాటే లేదు.

“అమ్మబాబోయ్, మాకొద్దండి. అక్క పంపే అడుగు సగాలు తినలేకే చస్తున్నాం. పైసగాలు బావగారి మిషన్‌కి, కింది సగాలు మాకూను” అన్నాను.

అని, నవ్వాను కూడా. ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదా అని చుట్టూ చూస్తే, అప్పుడు తెలిసింది నేనేమన్నానో. నెయ్యి గరిట నా చేతిలో అలాగే ఉండిపోయింది. శశిభూషణ్ అన్నగారి పళ్లెం వంక చూస్తున్నాడు. గంగలో అన్నగారి పక్కన మోకాలి లోతు నీళ్లలో నిలబడ్డ మనిషి అతను.

“అన్నయ్యా” అన్నాడు.

బావగారు చేతిలోని ముద్దను మెల్లిగా పళ్లెంలో పెట్టేశారు. గ్లాసులోని నీళ్లు అరచేతిలో పోసుకుని, భోజనం ముగించినట్టు ఉత్తరాపోశన పట్టి లేచారు. వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. ఆయన దాని పక్కనుంచే వెళ్లి చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, వాలుకుర్చీలో కూర్చున్నారు. కోప్పడలేదు. ఒక్క మాట తూలలేదు. తమ్ముడితో కొత్తపేట కబుర్లే మాట్లాడారు. మేము ఆడవాళ్లం తిన్నామనిపించాం. ఆ పూట అక్క చారులో ఉప్పు వేయడం మరిచిపోయింది, ఎవరూ చెప్పలేదు.

మర్నాడు అక్క క్యారెట్ తిప్పింది. సగం తిన్నారు. ఆ మర్నాడు కీరదోస. పావువంతు తిన్నారు. వారం తిరిగేసరికి బావగారు పళ్లెం ముందు కూర్చుని, “సీతా, కాస్త అన్నం పెట్టు” అన్నారు. అక్క పెట్టలేదు. ఆయన లేచి వెళ్లిపోయారు. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. రాత్రికి అక్క అన్నం వండి పెట్టింది. నేను వెళ్లి కాళ్లు పట్టుకున్నంత పనిచేశాను. “బావగారూ, తప్పు నాది. తినండి. కాశీ విశ్వేశ్వరుడికి నేను సమాధానం చెప్పుకుంటాను” అన్నాను. ఆయన నవ్వి, “ఆయన ఎప్పుడైనా ఏమన్నా అన్నాడా అమ్మా?” అన్నారు.

ఎండలు ముదిరేసరికి పుండు మళ్లీ పచ్చిబారింది. ఏప్రిల్లో రాజమండ్రిలో వేలు తీసేశారు. మే నెలలో మోకాలి కిందిదాకా తీయాలన్నారు. ఇరవై ఏళ్ల షుగరమ్మా, నాళాలు మూసుకుపోయాయి, తిండి ఒక్కటే కారణమని చెప్పలేం అని డాక్టరుగారు నాతో విడిగా అన్నారు. మంచి మనిషి. ఆ మాటను నేను ఇంటికి తెచ్చుకున్నాను గానీ వాడుకోలేకపోయాను.

ఆపరేషన్‌కు ముందు రోజు మధ్యాహ్నం అక్క మందుల కోసం కిందికి వెళ్లింది. వార్డులో ఫ్యాను తిరుగుతోంది. బావగారు కళ్లు మూసుకునే, “మాణిక్యం, నువ్వు దిగులు పెట్టుకోకు” అన్నారు. నేను ఏదో అనబోయాను. చెయ్యెత్తి ఆపారు.

“నాకు మొదటిరోజే తెలుసు. నా డాబా మీద ఏళ్లతరబడి కాసిన కాయ రుచి, నోట్లో పెట్టుకుంటే తెలీదా?”

నేను మంచం దగ్గరికి జరిగాను.

“మరి... మరెందుకు తిన్నారు?”

“మీ అక్క బొప్పాయి అంది. నేను బొప్పాయే తిన్నాను. భార్య మాట నమ్మడం తప్పు కాదుగా.” కళ్లు తెరిచి నా వంక చూశారు. “నలుగురిలో ఆ పేరు బయటికొచ్చాక, ఇంకా తింటే దొంగతనమవుతుందమ్మా. పిల్ల పేరు చెప్పి వదిలినదాన్ని దొంగతనంగా ఎలా తినను?”

తలుపు చప్పుడైతే అటు చూసి, అక్క కాదని తెలిసి, గొంతు తగ్గించారు. “మీ అక్కకి చెప్పకు. నన్ను కాపాడుకోవడానికి ఏమార్చానని అనుకుంటోంది. అలాగే అనుకోనీ. దానికి ఆ మాత్రం ధైర్యం ఉండనీ.” చెప్పనని మాటిచ్చాను.

కాలు తీశారు. పదకొండో రోజు జ్వరం వచ్చింది. నెత్తురంతా విషమైపోయిందన్నారు. ఆషాఢం మొదట్లో బావగారు పోయారు.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు నేను ఆ మాట కడుపులో పెట్టుకున్నాను. రోజూ సాయంత్రం అక్క దగ్గరికి వెళ్లేదాన్ని. అది వత్తులు చేసుకుంటూనో, గోడను చూస్తూనో కూర్చునేది. అదివరకే తక్కువ మాట్లాడేది, ఇప్పుడు అసలు లేదు. తాను చేసిన మోసం వల్లే దేవుడు భర్తను తీసుకుపోయాడని కుమిలిపోతోందనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఆయనకు ఇచ్చిన మాట ఒక పక్క, అక్క మొహం ఒక పక్క. చివరికి ఒక సాయంత్రం ఆగలేకపోయాను. చచ్చిపోయిన మనిషికిచ్చిన మాట తప్పినా ఫరవాలేదు, బతికున్నదాని మనసు తేలికపడితే చాలనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నా పాపం కూడా కొంత కడుక్కుపోతుందని ఆశపడ్డాను.

“అక్కా, నువ్వు బావగారిని మోసం చెయ్యలేదు. ఆయనకి మొదటినుంచీ తెలుసు. ఆస్పత్రిలో నాతో చెప్పారు.”

అక్క వత్తి చెయ్యడం ఆపలేదు. “తెలుసు” అంది.

“ఏం తెలుసు?”

“ఆయనకి తెలుసని నాకు తెలుసే.”

అక్క దూది పక్కన పెట్టింది. అంత పొడుగు మాట అది నా జన్మలో నాతో మాట్లాడలేదు, తర్వాత కూడా మాట్లాడలేదు.

“కార్తీకంలో ఒకరోజు పొద్దున్నే లేచి, ‘సీతా, ఇవాళ బొప్పాయిలో పాలు పోసి వండు’ అన్నారు. పచ్చి బొప్పాయిలో పాలు పోస్తే విరిగిపోతాయి, నేనే చెప్పేదాన్ని ఆయనకి. శృతికి ఒంట్లో బాగోనప్పుడు ఆనపకాయ అలా పాలు పోసి చేసేదాన్ని, గుర్తుందా? గొంతు దిగేది అదొక్కటే. నేనేం మాట్లాడలేదు. తీగలు ఉడకబెట్టి పాలు పోశాను. ఆయనొచ్చి పొయ్యి పక్కన నిలబడ్డారు. విరగలేదు. ఇద్దరం గిన్నెలోకి చూస్తూ నిలబడ్డాం. ‘మంచి బొప్పాయే దొరికిందే’ అన్నారు. ‘అవునండీ, లేతది’ అన్నాను. అది పోయాక మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని కడుపునిండా తిన్నది ఆ రోజే. ఆయన రెండుసార్లు పెట్టించుకున్నారు. దాని చదువు సంగతులు చెప్పుకున్నాం. నవ్వుకున్నాం కూడాను. తర్వాత వారానికోసారి పాలు పోసేదాన్ని. ఆ పూట దాని గురించి మాట్లాడుకునేవాళ్లం. మిగతా రోజుల్లో మాట్లాడేవాళ్లం కాదు.”

“నాకొక్క ముక్క చెబితే ఏం పోయిందక్కా? నేను జాగ్రత్తగా ఉండేదాన్ని కదా.”

“మేమిద్దరమే ఒకళ్లకొకళ్లం చెప్పుకోలేదే. చెప్పుకుంటే ఇంక ఎలా తింటాం?”

నేను దాని ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. క్షమించమన్నాను. ఎన్నిసార్లన్నానో గుర్తులేదు. అక్క నా తల నిమిరింది. “నీకు తెలీదుగా” అంది. అంతే అంది. తిట్టలేదు, కొట్టలేదు, ఎందుకలా వాగావని అడగలేదు. అడిగితే బాగుండేది.

బావగారి ప్రాణం సంగతి డాక్టరుగారు చెప్పినట్టే ఉండొచ్చు. నా నోరు మూతపడి ఉన్నా ఆ కాలు పోయేదేమో, ఆ మనిషి పోయేవారేమో, నాకు తెలియదు. కానీ పదేళ్లకు వాళ్లిద్దరికీ కూతురి గురించి మాట్లాడుకోవడానికి వారానికి ఒక పూట దొరికింది. నెయ్యి గరిట చేతిలో పట్టుకుని, నవ్వుతూ, ఆ పూటను వాళ్ల దగ్గర్నుంచి తీసేసింది మాత్రం నేనే.